నాయనగారి మోటారు సైకిలు

పాత యంత్రమొకటి యింట్లో పడివుంటే, దానిని గురించి సాధారణముగా రెండు సలహాలు వినవస్తవి. ఒకటి, "పాత ఇనుము వానికి వేసి చేయి దులుపుకొనండి" అని. రెండవది, "పెద్దల గుర్తు గదా, అట్లే వుండనీయండి" అని. మొదటి దానివలన నాలుగు రూపాయలు వస్తవి. రెండవ దానివలన మనస్సుకు కొంత నెమ్మది కలుగుతుంది. కాని రెండింటిలోను యంత్రమునకు గతి ఒక్కటే. మొదటి పక్షమున అది త్వరగా పోతుంది, రెండవ పక్షమున నిదానముగా తుప్పు పట్టి పోతుంది. బాగుచేసి మరల నడిపించడమనే మూడవ మార్గము చెప్పేవారు తక్కువ. అందులో వుండే కష్టమేమిటో, సుఖమేమిటో మాకు తెలిసివచ్చినంతవరకు మన పత్రిక చదువరులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేమంటే పెరంబూరులో మూడు తరాలుగా కాపురమున్న ఒక సామాన్య కుటుంబము. గుమాస్తా పని చేసే యింటి యజమాని, పద్దు వ్రాసే ఇల్లాలు, డెబ్బది యెనిమిదేండ్ల తల్లి, కళాశాలలో చదివే కుమారుడు, ఇంతే. ఈ పనిలో నలుగురి చేయీ వున్నది గనుక "మేము" అనడమే న్యాయము.

మా నాయనగారు రైలు కార్ఖానాలో ఫిట్టరు. 1962లో ఆయన ఒక బి.ఎస్.ఏ. ఎం 20 మోటారు సైకిలును మరొకరి వద్ద పాతదిగానే కొన్నారు. అది యుద్ధకాలములో బ్రిటిషు సైన్యము కొరకు చేసిన బండి. దాని చట్రము మీద కొట్టిన సంఖ్యకు ముందు "డబ్ల్యు ఎం 20" అనే అక్షరములు నేటికీ కనబడుతున్నవి. యుద్ధము ముగిసిన తరువాత సైన్యము ఇట్టి బండ్లను వేలము వేయగా అవి ఊళ్లలోనికి వచ్చినవి.

ఈ బండిని చేసిన సంస్థ కథ కొంచెము చెప్పవలెను. 1861లో బర్మింగ్‌హాం నగరములోని తుపాకులు చేసే పనివారు కొందరు కలిసి బర్మింగ్‌హాం స్మాల్ ఆర్మ్స్ కంపెనీని పెట్టుకొన్నారు. ఆ పేరులోని మొదటి అక్షరములే బి.ఎస్.ఏ. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు వారి గుర్తు. తరువాత సైకిళ్లు, 1910 నుండి మోటారు సైకిళ్లు చేసినారు. 1940 నవంబరు 19వ తేదీ రాత్రి జర్మనీ విమానములు స్మాల్ హీత్‌లోని వారి కార్ఖానాపై బాంబులు వేయగా అక్కడ పనిచేసేవారు 53 మంది మరణించినారు. అయినను పని ఆగలేదు. యుద్ధకాలములో ఎం 20 బండ్లు లక్షా యిరవై వేలకు పైగా ఆ సంస్థనుండి వెలువడినవి. అంత పెద్ద సంస్థ 1970ల మొదటి యేండ్లలో చితికిపోయినది. 2016లో ఆ పేరును మన దేశపు మహీంద్రా వారికి సంబంధించిన క్లాసిక్ లెజెండ్స్ సంస్థ కొన్నది. బండి యిక్కడికి వచ్చిన యెన్నో యేండ్లకు పేరు కూడ యిక్కడికే వచ్చినదన్నమాట.

నాయనగారు ముప్పదినాలుగేండ్లు దానిమీద తిరిగినారు. పనికి పోయినది దానిమీదనే. పెండ్లయిన కొత్తలో మా అమ్మను వెనుక కూర్చుండబెట్టుకొని తిరుపతికి పోయివచ్చినది కూడ దానిమీదనే. 1996లో చూపు మందగించినందున బండి తోలడము మానినారు. 1999లో ఆయన పోయినారు. అప్పటి నుండి బండి మెట్ల క్రింద గోనెపట్టాలు కప్పుకొని నిలిచిపోయినది. 2015 డిసెంబరు వరదలలో మా వీధిలో నీరు మోకాలు దాటి నిలిచి, ఇంజనులోనికి కూడ దిగినది. నీరు తీసిన తరువాత కిక్కరు మీద కాలు వేసి చూస్తే రాయి మీద వేసినట్లున్నది. ఇంజను పూర్తిగా బిగిసిపోయినది.

2022 ఆఖరున పాత బండ్లు సేకరించే ఒక పెద్దమనిషి వచ్చి చూచి, ఉన్నది ఉన్నట్లుగా లక్షా యిరవై వేలిస్తామన్నారు. మా యింటి ఇల్లాలు ఆ రాత్రి చెప్పిన మాట ఇది: "ఏమండీ, అమ్మితే అమ్మండి, లేకపోతే నడిపించండి. యీ గోనెపట్టాల కింద దాన్ని నేను యింక తుడవలేను. నెలకు మూడు వేలు యిస్తాను. దానికి పైన ఒక్క రూపాయి అడగకూడదు. బాగైన తరువాత అది రోడ్డు మీద తిరగాల, బొమ్మగా నిలబెట్టేదానికి కాదు." ఈ షరతులకు అందరము ఒప్పుకొన్నాము. 2023 జనవరి నెలలో పని మొదలైనది.

పని మొదలుపెట్టిన మొదటి వారములోనే అమ్మ తన పెట్టె అడుగునుండి ఒక పద్దు పుస్తకము తీసియిచ్చినది. అట్ట చినిగి, పుటలకు చమురు మరకలు పట్టి వున్న పుస్తకమది. నాయనగారు బండికి చేసిన ప్రతి పనిని తేదీతో సహా అందులో తెలుగులో వ్రాసిపెట్టినారు. ఏ మరకు ఏ స్పానరు, ఏ సందు ఎన్ని తౌ, గేరుపెట్టెకు నూనె ఎప్పుడు మార్చినది, అన్నీ వున్నవి. అంగుళమును వేయి భాగములు చేస్తే అందులో ఒక భాగమునకు కార్ఖానా భాషలో "తౌ" అని పేరు. ఈ బండిలో అన్ని కొలతలూ ఆ లెక్కలోనే వుంటవి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. ఓపికతో బండి విప్పగలిగినది మా అబ్బాయి. వాడు బడిలో తమిళము, ఇంగ్లీషు చదివినాడు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతాడు గాని అక్షరము తెలియదు. చదివి చెప్పేదానికి అవ్వ వున్నది గాని ఆమెకు సన్నని అక్షరములు కనబడవు. ఇంటి యజమాని ఆఫీసునుండి వచ్చేది రాత్రి యెనిమిదింటికి. చేతికి మసి పూసుకొని ఒక మర దగ్గర ఆగిపోయి, జవాబు ఎదుటి పుస్తకములో వున్నా చదువుకొనలేక కూర్చుండడము వానికి నచ్చలేదు. పదునైదు దినములలో అవ్వ వద్ద ఓనమాలు దిద్దినాడు. పలక మీద పెద్ద అక్షరములు ఆమె వ్రాసేది, వాడు చదివేవాడు. ఇదివరకు మేము రెండు మూడు వేసవులు వానికి తెలుగు నేర్పాలని చూచి వదలుకొన్నవారమే. ఈ తడవ బతిమాలే పని లేకపోయినది.

మొదటి పాఠము స్పానర్లది. మనము ఈనాడు వాడే మిల్లీమీటరు స్పానర్లు ఈ బండికి పట్టవు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు యంత్రశిల్పి మరచుట్లకు ఒక పద్ధతి ఏర్పరచినాడు. ఆ మర పల్లు 55 డిగ్రీల కోణములో వుంటుంది; మిల్లీమీటరు మరలలో 60 డిగ్రీలు. అంతేగాక విట్‌వర్త్ స్పానరు మీద వ్రాసిన అంకె బోల్టు కాడ లావును చెప్పునే గాని తల వెడల్పును చెప్పదు. దగ్గర కొలత గదా అని వేరే స్పానరు వేసి తిప్పితే బోల్టు తల మూలలు అరిగి గుండ్రమై, తరువాత ఏ స్పానరూ పట్టదు. నాయనగారి స్పానర్లు ఒక గోనెసంచిలో వుండబట్టి మేము బ్రతికిపోయినాము. విప్పిన ప్రతి మరను ఒక చిన్న సంచిలో వేసి, మీద చీటీ అంటించి, తీసిన చోటును ఫోటో తీసి వుంచుకొన్నాము. ఆ ఫోటోలు లేకపోతే ఏడాది తరువాత ఏది ఎక్కడిదో చెప్పడము ఎవరి తరమూ కాదు.

బిగిసిన ఇంజనును సుత్తితో కొట్టరాదు. ప్లగ్గు తీసి ఆ రంధ్రములో కిరసనాయిలు, పలుచని నూనె కలిపి పోసి మూడు వారములు కదలించకుండా వుంచినాము. తరువాత హెడ్డు విప్పినాము. ఎం 20 సైడు వాల్వు ఇంజను. అంటే వాల్వులు సిలిండరుకు ప్రక్కన నిలిచివుంటవి. పైనున్న హెడ్డు కుండమీద మూతవంటిదే, దానిని తీస్తే వాల్వుల అమరిక చెడదు. యుద్ధభూమిలో సిపాయి తన చేతి పనిముట్లతోనే బాగుచేసుకొనడానికి ఈ ఏర్పాటు అనుకూలము. మూత తీస్తే సిలిండరు గోడలకు ఎర్రని తుప్పు కనబడినది. మొద్దు కొయ్యను పిస్టను మీద వుంచి మెల్లగా తట్టగా తట్టగా నాల్గవ నాటికి వెంట్రుకవాసి కదలినది. ఆ దినము ఇంట్లో పాయసము చేసినారు.

ఈ ఇంజను 496 సి.సి.; సిలిండరు అడ్డకొలత 82 మిల్లీమీటర్లు, పిస్టను నడక 112 మిల్లీమీటర్లు. ఇంత పొడుగు నడక గల ఇంజను పరుగెత్తదు గాని బరువు లాగుతుంది. దీని శక్తి 13 గుర్రములు మాత్రమే. అంబత్తూరులోని ఒక లేతు కార్ఖానాలో సిలిండరు లోపలిగోడను తొలిపించి, దానికి తగినట్లు 20 తౌ పెద్ద పిస్టను వేయించినాము. ఆ పిస్టను కొరకు ఐదు నెలలు కాచుకొన్నాము. ఒక అంగడివారు అసలు సరుకేనని చెప్పి ఇచ్చినది కొలిచి చూస్తే మరేదో బండిదని తేలినది; తిరిగి ఇచ్చివేసినాము. అందుచేత కొలత పెట్టకుండా ఏ భాగమూ కొనరాదని మా పుస్తకములో పెద్ద అక్షరములతో వ్రాసుకొన్నాము.

పుదుపేట సందులలో మాకు ఒక వృద్ధ మెకానిక్కు దొరికినారు. ఆయన భాష తమిళము, మాది తెలుగు తమిళము కలిసినది; ఇంజను విషయములో ముగ్గురిదీ ఒకటే భాష. ఇంగ్లండులో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్ బండిని 1955 నుండి మద్రాసులో కూర్చడము మొదలైనది. ఇంగ్లండులో రెడ్డిచ్ కార్ఖానా 1967లో మూతబడినా తిరువొత్తియూరులో ఆ పని ఆగలేదు. అందువలననే ఈ ఊరి మెకానిక్కుల చేతులలో పాత ఇంగ్లీషు ఇంజనుల మర్మము నిలిచివున్నది. పుట్టినచోట ఆగిపోయిన విద్య వలస వచ్చినచోట బ్రతకడము, బయటి రాష్ట్రములలో తరతరాలుగా వున్న మనకు కొత్త సంగతి కాదు గదా.

ఈ బండికి నిప్పురవ్వ బ్యాటరీనుండి రాదు, మాగ్నెటోనుండి వస్తుంది. లూకాసు వారి మాగ్‌డైనో అనే జంట యంత్రములో ఒక భాగము నిప్పురవ్వకు, రెండవది దీపములకు. ఇంజను తిరిగితే చాలు, అయస్కాంతముల నడుమ తీగచుట్ట తిరిగి విద్యుత్తు పుట్టుతుంది. 2024 మే నెలలో ఇంజను మొదటిసారి అందుకొన్నది. అయితే పది నిమిషములు బాగా నడిచి వేడెక్కగానే ఆగిపోయేది. చల్లారేవరకు ఎంత తన్నినా పలికేది కాదు. అందరము పెట్రోలు దోషమే అన్నాము. పుదుపేట పెద్దాయన మాత్రము వినగానే, "కండెన్సరు" అన్నారు. మాగ్నెటో తీగచుట్టలోనే వుండే ఆ చిన్న భాగము పాతబడితే చల్లగా వున్నప్పుడు పనిచేసి వేడిలో చేతులెత్తివేస్తుంది. తీగను మరల చుట్టించి కొత్త కండెన్సరు పెట్టించినాము. తెరచుకొనే సందు 12 తౌ వుండవలెనని నాయనగారి పుస్తకములో వున్నది, అట్లే పెట్టినాము. ఆ తరువాత గంటసేపు నడిచినా ఆగలేదు.

పెట్రోలు ట్యాంకు పనిలో వంటిల్లు మాకు తోడ్పడినది. లోపలి తుప్పు పోవడానికి నిమ్మ ఉప్పు వేడినీటిలో కలిపి ట్యాంకు నింపి రెండు దినములు వుంచినాము. తరువాత చిన్న నట్లు ఒక గుప్పెడు వేసి కుదిపి, వంటసోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పూసినాము. ఆలస్యము చేస్తే గంటలోనే మరల ఎర్రబడుతుంది. ఈనాటి పెట్రోలులో నూటికి యిరవై పాళ్లవరకు ఎథనాలు వుంటుంది. అది గాలిలోని తడిని పీల్చుకొంటుంది, పాత రబ్బరును చెడగొట్టుతుంది. అందుచేత గొట్టములు కొత్తరకమువి వేసి, బండి నెలలకొలది నిలపవలసివస్తే పెట్రోలు పూర్తిగా తీసివేసే అలవాటు పెట్టుకొన్నాము.

ట్యాంకు ఎడమప్రక్క ఒక సొట్ట వున్నది. ఎప్పుడో ఎద్దుబండి కాడి తగిలినదట. రంగు వేసేవారు దానిని పూడ్చి నున్నగా చేస్తామన్నారు. అమ్మ ఒప్పుకొనలేదు. "ఆ సొట్ట పడిన దినము ఆయన అన్నము తినలేదు. అది తీసేస్తే యిది మన బండని యెట్ల తెలుసును?" అన్నది. సొట్ట మీదనే నల్లరంగు వేసినారు.

బండిని ఎక్కువ ఎరిగినది అమ్మయేనని మాకు మరొకసారి తెలిసినది. మా అబ్బాయి తన్నితే కిక్కరు ఎదురుతన్ని వాని కాలు వాచినది. తలుపు దగ్గర కూర్చున్న అమ్మ, "మీ తాత అట్ల తొక్కరు రా. ముందు యెడమచేతి దగ్గరుండే చిన్న పిడి వెనక్కి లాగతారు. శబ్దము వచ్చినాక ముందుకు తోస్తారు" అన్నది. ఆ పిడి నిప్పురవ్వ పడే వేళను ముందు వెనుకలు చేసేది. రవ్వ మరీ ముందుగా పడితే పైకి వచ్చే పిస్టను వెనక్కి తోయబడి ఆ దెబ్బ కాలికి తగులుతుంది. అమ్మకు ఈ శాస్త్రము తెలియదు. ముప్పదేండ్లు ప్రతి ఉదయము ఆ శబ్దము విని వున్నది, అంతే. అప్పటి నుండి మా వరుస ఇది: పెట్రోలు తెరవడము, కార్బురేటరు మీది బొడిపె నొక్కి పెట్రోలు చెమ్మ కనబడేవరకు ఆగడము, రవ్వ పిడి వెనక్కి లాగడము, వాల్వు ఎత్తే పిడి పట్టుకొని పిస్టనును సరియైన చోటికి తేవడము, తరువాత ఒక్క తన్ను. అది అందుకొన్న వెంటనే చమురు ట్యాంకు మూత తీసి, ఇంజనుకు పోయిన చమురు తిరిగి ట్యాంకులోనికి వస్తున్నదో లేదో చూడవలెను. రాకపోతే ఇంజను తక్షణమే ఆపవలెను.

అసలైన పరీక్ష 2024 జూన్ నెలలో వచ్చినది. అబ్బాయికి కళాశాలలో చోటు దొరికినది. జీతము కట్టే గడువు పదునైదు దినములు. చేతిలో వున్నది చాలదు. ఇంజను పలుకుతున్నదని ఎట్లో విని ఆ పెద్దమనిషి మరల వచ్చి రెండు లక్షల నలుబది వేలిస్తామన్నారు. అమ్మ తానే ముందుగా, "అమ్మేయండి. మీ నాయన బండి తోలింది సంసారము కోసము, పూజ చేసేదానికి కాదు. పిల్లవాని చదువు కంటె యేమి ఎక్కువ?" అన్నది. ఆ మాట న్యాయమైనదే. మాలో ఎవరికీ ఎదురు చెప్పే నోరు రాలేదు. అబ్బాయి పద్దు పుస్తకము మూసి పెట్టెమీద పెట్టి బయటకు పోయినాడు.

ఆ రాత్రి లెక్క వేసినది ఇల్లాలు. ఆఫీసు సహకార సంఘములో అప్పు ఎంత వస్తుంది, తన చీటీ ముందుగా పాడితే ఎంత నష్టము, అన్నీ కాగితము మీద వేసి తెల్లవారి అందరిముందు చెప్పినది: "చీటీ పాడినాను. నష్టము పదకొండు వేలు. బండి అమ్మితే యీ నష్టము లేదు, నిజమే. కాని యింక దీనికి బ్రేకులు, కాగితాలు మాత్రమే మిగిలినవి. పదునెనిమిది నెలలు పద్దు వ్రాసినాను. యీ పద్దు సగములో మూసేదానికి నాకు మనసు లేదు." మొదట అమ్మమని చెప్పినది ఆమెయే, చివరకు నిలిపినది కూడ ఆమెయే. ఆ పదకొండు వేలను బండి ఖర్చు క్రిందనే వ్రాసి, ఆ మేరకు నాలుగు నెలలు పని ఆపినాము.

ఇంజను పలికితే బండి సిద్ధమైనదని చాలామంది అనుకొంటారు. పోవడము వేరు, నిలవడము వేరు. ఈ బండి చక్రములకు డ్రమ్ము బ్రేకులే. నేటి బండ్లవలె రెండు వ్రేళ్లతో నొక్కితే నిలిచేవి కావు. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు వుంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు హాని. అందుచేత పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, కొత్త పట్టీలు వేయించినాము. టైర్లు, ట్యూబులు, బ్రేకు తీగలు, గొలుసు అన్నీ కొత్తవే. బ్రేకు వేయగానే వెలిగే ఎర్రదీపము దీనికి లేదు. దానిని అదనముగా పెట్టించినాము. ఆరు వోల్టుల దీపములు గుడ్డివి గనుక చీకటి పడిన తరువాత బండి తీయరాదని నియమము.

గేరు దీనికి కుడికాలి క్రింద, బ్రేకు ఎడమకాలి క్రింద. నేటి బండ్లకు ఇది తలక్రిందులు. తొందరలో కాలు పాత అలవాటు చొప్పున పోతే బ్రేకుకు బదులు గేరు పడుతుంది. అందుచేత అబ్బాయి లైసెన్సు వున్నవాడైనను ఆరు ఆదివారములు ఒక ఖాళీ మైదానములో, కాలు తనంతట తాను సరియైన చోటికి పోయేవరకు తోలినాడు.

ఇక కాగితములు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పాతకాలపు బండ్లకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. మొదటి నమోదు జరిగి 50 యేండ్లు దాటి, అసలు రూపము మారని బండ్లకు అవి వర్తిస్తవి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పది యేండ్ల తరువాత మరల చేయించుకొనడానికి 5,000. కొత్తగా నమోదయ్యే వాటి నంబరులో "వి.ఏ." అక్షరములు వుంటవి, ముందే నమోదైనవి తమ పాత నంబరునే వుంచుకొనవచ్చును. అయితే ఆ పద్ధతిలో నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసికొనిపోవచ్చునే గాని నిత్యము వాడరాదు. మా ఇల్లాలి షరతు మీకు జ్ఞాపకమున్నది గదా! అందుచేత మేము సాధారణ మార్గమే పట్టినాము. నాయనగారి పేరునుండి వారసులకు మార్చే 31వ నంబరు దరఖాస్తు, నమోదు పొడిగించే 25వ నంబరు దరఖాస్తు, వారసత్వ పత్రము, భీమా, పొగ పరీక్ష పత్రము, హరిత పన్ను, ఇవన్నీ జతచేసినాము. తనిఖీ చేసే ఉద్యోగి చట్రము మీది సంఖ్యను కాగితము మీద పెన్సిలుతో రుద్ది తీసుకొని, బ్రేకు, దీపము, హారను చూచినారు. ఐదేండ్లకు పొడిగింపు దొరికినది. నాయనగారు నమోదు పుస్తకమును ప్లాస్టికు సంచిలో భద్రపరచి వుండకపోతే ఇదంతా జరిగేది కాదు.

2025 మే నెలలో బండి రోడ్డెక్కినది. మొత్తము పని ఇరువదియెనిమిది నెలలు. ఖర్చు, ఇల్లాలి పద్దు ప్రకారము, సరిగా ఎనభైనాలుగు వేలు. ఇప్పుడది ఆదివారము ఉదయము కూరగాయలకు పోతుంది, నెలకొకసారి బంధువుల యిండ్లకు పోతుంది. గంటకు నలుబది కిలోమీటర్లకు మించి తోలము. రెండు హెల్మెట్లు లేనిదే గేటు దాటదు.

మీ యిండ్లలో ఇట్టి బండి ఏదైనా వుంటే మా అనుభవమునుండి మూడు మాటలు. మొదట నమోదు పుస్తకము వెదకండి, తరువాతనే స్పానరు పట్టండి. బిగిసినదానిని బలముతో కాక ఓపికతో విప్పండి. రంగుకు, మెరుగుకు పోయే డబ్బు ముందు బ్రేకులకు పెట్టండి. బండి ఎంత మెరిసినను, పోయినవారు క్షేమముగా తిరిగివస్తేనే అది బాగైనట్లు.

నాయనగారి పద్దు పుస్తకములో ఆయన చివరిగా వ్రాసినది 1996 ఫిబ్రవరి నాటిది. దాని క్రింద ఇరువదితొమ్మిదేండ్ల ఖాళీ. ఇప్పుడు ఆ క్రింద అబ్బాయి వంకరటింకర తెలుగు అక్షరములు సాగుతున్నవి. పోయిన వారము వాడు వ్రాసినది: "ఇంజను నూనె మార్చినాను. పాయింటు సందు 12 తౌ. గొలుసు బిగించినాను. ముందు బ్రేకు కొంచెము వదులు, వచ్చే ఆదివారము చూడవలెను." "వదులు"లో దకు కొమ్ము వేయడము మరచినాడు. అవ్వ భూతద్దము పెట్టి చూచి దిద్దించినది.